ముందు హాలు, ఆ తరవాతే పాట

హైదరాబాదుకు కొత్తగా వచ్చినవాళ్ళూ, వచ్చి ఏళ్ళు గడిచినా ఆఫీసూ ఇల్లూ తప్ప మూడో చోటు ఎరగనివాళ్ళూ నన్ను ఒకే మాట అడుగుతుంటారు: "ఈ వారం చూడదగ్గ ప్రోగ్రాం ఏదైనా ఉంటే చెప్పండి." నేను ప్రోగ్రాం చెప్పను. హాలు పేరు చెబుతాను. మీకు చిక్కడపల్లి దగ్గరైతే త్యాగరాయ గానసభ, లక్డీకాపూల్ దగ్గరైతే రవీంద్రభారతి, బాగ్‌లింగంపల్లి దగ్గరైతే సుందరయ్య విజ్ఞాన కేంద్రం. వారంలో ఒక సాయంత్రం ఖాయం చేసుకోండి. ఆ సాయంత్రం అక్కడ ఏముంటే దానికి వెళ్ళి కూర్చోండి. హరికథ ఉంటే హరికథ. పుస్తకావిష్కరణ ఉంటే పుస్తకావిష్కరణ. ముక్కూమొహం తెలియని ఓ పిల్ల కూచిపూడి అరంగేట్రం ఉంటే అరంగేట్రం.

విన్నవాళ్ళు నొసలు చిట్లిస్తారు. గంటన్నర ట్రాఫిక్‌లో పడి వెళ్ళేది ఏముందో తెలియని దానికా అంటారు. అవును, దానికే. మా చిన్నప్పుడు గుంటూరు జిల్లా పల్లెల్లో శ్రీరామనవమి పందిళ్ళు వేస్తే, ఏ రాత్రి ఏం ఆడించాలో కమిటీ పెద్దలు చూసుకునేవారు. ఓ రోజు హరికథ, ఓ రోజు బుర్రకథ, ఓ రోజు సత్యహరిశ్చంద్ర, ఇంకో రోజు పక్క ఊరి భజన బృందం. మేం పందిట్లోకి వెళ్ళేవాళ్ళం, అంతే. ఫలానాది నాకిష్టం అని తెలిసే వయసు రాకముందే అన్నీ చెవిన పడ్డాయి. నగరం ఆ పని చేసిపెట్టదు. ఇక్కడ ఎవరి ఇష్టం వాళ్ళు ముందే ఖాయం చేసుకుని బయల్దేరతారు. కచేరీలకు వెళ్ళేవాళ్ళకు పద్యనాటకం ఎక్కడ ఆడుతున్నారో తెలియదు. పద్యనాటకం వాళ్ళకు ముషాయిరా ఊసు తెలియదు. సాహిత్య సభలకు వచ్చేవాళ్ళు పక్క హాల్లో మృదంగం మోగుతున్నా అటు తల తిప్పరు. ఇంత పెద్ద ఊరు ఎన్నో చిన్న ఊళ్ళుగా చీలిపోయి, ఒకదాని మొహం ఒకటి చూడకుండా బతుకుతోంది. ఒక హాలును నమ్ముకున్న మనిషికి మాత్రం ఆ ఊళ్ళన్నీ వాటంతటవే ఎదురొస్తాయి. నా సలహాలన్నీ ఇందులోంచి పుట్టినవే. వినగానే తప్పుగా తోస్తాయి. పాటించి చూడమని గట్టిగానే కోరుతున్నాను.

పేపర్లో చిన్న అక్షరాలు చదవండి

తెలుగు దినపత్రికల నగర పేజీల్లో ఓ మూల 'నగరంలో నేడు' అనో 'నేటి కార్యక్రమాలు' అనో చిన్న పట్టీ వేస్తుంటారు. వేదిక, సమయం, సంస్థ పేరు, ముఖ్య అతిథి పేరు. ఫోటో ఉండదు, పొగడ్త ఉండదు. దాన్ని నమ్మండి. ఫోన్లో టికెట్ల యాప్ తెరిస్తే టికెట్టు పెట్టి అమ్మేవే కనబడతాయి. మన ఊళ్ళో సంగీత, నాటక, సాహిత్య సభల్లో చాలావాటికి ప్రవేశం ఉచితం, అందుకే అవి యాప్‌లోకి ఎక్కవు. యాప్ మాత్రమే చూసేవాళ్ళు హైదరాబాదులో స్టాండప్ కామెడీ, సినిమా పాటల కచేరీ తప్ప ఇంకేమీ జరగదనుకుంటారు. చిక్కడపల్లిలో దాదాపు రోజూ ఎవరో ఒకరు పాడుతున్నారనీ, ఎవరికో ఒకరికి శాలువా కప్పుతున్నారనీ వాళ్ళకు కబురు అందదు.

ఇంకో మాట. శని, ఆదివారాలు వదిలేసి మంగళవారమో బుధవారమో వెళ్ళండి. పని దినం సాయంత్రం వచ్చిన శ్రోత తప్పనిసరిగా ఏదో మానుకుని వచ్చినవాడు. అలాంటి నలభై మంది మధ్య కూర్చోవడం వేరు. పక్క సీటాయన పలకరిస్తాడు, గాయని తండ్రి వచ్చి మీరెవరని అడుగుతాడు. 2020లో మెట్రో ఆకుపచ్చ లైను వచ్చాక చిక్కడపల్లికి స్టేషనే ఉంది. రవీంద్రభారతికి అసెంబ్లీ స్టేషనూ లక్డీకాపూల్ స్టేషనూ ఉన్నాయి. దూరం సాకు ఒకప్పటి అంత గట్టిది కాదు.

పేరున్నవాళ్ళు రాకముందే వెళ్ళండి

ముషాయిరాలో కుర్ర కవులు ముందు చదువుతారు, పెద్ద షాయర్ చివర. మన సభల్లో కూడా ప్రధాన వక్త చివరికే వస్తాడు. సంగీతోత్సవాల్లో పిల్లల కచేరీలు మధ్యాహ్నమో సాయంత్రం మొదట్లోనో, విద్వాంసుల కచేరీ దీపాలు పెట్టాక. అందుకని జనం ఏడున్నరకు వస్తారు. మీరు అయిదున్నరకు వెళ్ళండి. పెద్దాయన వచ్చే వేళకు అలసిపోయి లేచి వచ్చేసినా నాకేం అభ్యంతరం లేదు. ఆయన్ను యూట్యూబులో ఎప్పుడైనా వింటారు. ఇరవయ్యేళ్ళ కుర్రవాడు గొంతు పట్టేసి, తంబుర వైపు చెవి వంచి, మళ్ళీ పైషడ్జం అందుకోవడం ఎక్కడా రికార్డు కాదు. ఆ పూట అక్కడున్నవాళ్ళకే అది దక్కుతుంది. ఆ కుర్రవాడికి కూడా ఎదురుగా మనుషులు కనబడాలి కదా. ఖాళీ కుర్చీలకు పాడి పాడి సంగీతం మానేసి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ ఉద్యోగాలు నాకు సంతోషమే. ఆ గొంతులు పోయినందుకు మాత్రం బాధ తీరదు.

కచేరీలో ఒక్క భాగమే వినే తీరిక ఉంటే కీర్తనలు వదిలేసి తని ఆవర్తనం వినండి. ప్రధాన కీర్తన అయ్యాక గాయకుడు పాట ఆపి తాళం వేస్తూ కూర్చుంటాడు, మృదంగమూ ఘటమూ లేదా కంజీరా వంతులవారీగా మొదలెడతాయి. మొదట పెద్ద పెద్ద వంతులు. పోనుపోను అవి సగమై, పావై, చివరికి ఒకరి మాట ఇంకొకరు లాక్కుంటున్నంత దగ్గరకొస్తాయి. తరవాత ఇద్దరూ కలిసి మోహరా వాయించి, కోర్వైతో ముగించి, గాయకుడు పల్లవి అందుకోవాల్సిన చోటికి సరిగ్గా తెచ్చి అప్పగిస్తారు. మన శ్రోతల్లో చాలామంది కాఫీకి లేచేది అప్పుడే. వెళ్ళేవాళ్ళ వీపులు చూస్తూ వాయించాల్సి రావడం ఆ కళాకారుడికి మనం రోజూ చేస్తున్న అన్యాయం. మీరు లేవకండి. తాళం తెలియకపోతే గాయకుడి చేతిని చూడండి, ఆయన వేస్తూనే ఉంటాడు. దాన్ని అనుసరించండి. కొన్నాళ్ళకు మీ వేళ్ళకే తెలుస్తుంది.

సురభిలో పక్క సీట్లు అడగండి

నాటకానికి నడిమి వరుసలో మధ్య సీటు మంచిదని అందరూ చెబుతారు. సురభి నాటకానికి మాత్రం పక్కకు, వీలైనంత చివరకు వెళ్ళి కూర్చోండి. తాళ్ళు కనబడే చోటన్నమాట.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా 'కీచక వధ' ఆడారు వనారస వారు. అంతకుముందు తోలుబొమ్మలాడించిన కుటుంబం. అప్పటినుంచి వాళ్ళ నాటకానికి సురభి అన్న పేరే నిలిచిపోయింది. ఆడవేషాలు మగవాళ్ళు కట్టే కాలంలో వాళ్ళ ఆడవాళ్ళే వేదిక ఎక్కారు. ఇప్పటికీ వేషం కట్టేదీ, తెర లాగేదీ, హార్మోనియం వాయించేదీ ఆ కుటుంబాలే. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. ఆ సంప్రదాయాన్ని మోసిన నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అని పిలిచేవారు, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన వెళ్ళిపోయారు.

'మాయాబజార్'లో ఘటోత్కచుడు కూర్చుంటే లడ్లు వాటంతటవే నోట్లోకి ఎగిరొస్తాయి. యుద్ధం సీన్లలో బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. మధ్య సీట్లో కూర్చున్నవాళ్ళకు ఇది మాయ. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకు కప్పీ కనబడుతుంది, తీగ కనబడుతుంది, తెర చాటున తాడు పట్టుకుని నారదుడి బరువంతా భుజాల మీద ఆపుతున్న మనిషి కనబడతాడు. అతను రెండు సీన్ల ముందు దుశ్శాసనుడు. ముఖాన రంగు అలాగే ఉంటుంది. అతని పక్కన ఓ పిల్లవాడు తరవాతి తాడు పట్టుకుని, ఎప్పుడు లాగమంటారా అని కళ్ళార్పకుండా చూస్తుంటాడు. తాడు కనబడితే మాయ పోతుందని అంటారు. నా అనుభవంలో పోలేదు. నారదుడు దిగుతాడని మనకు తెలుసు. అన్నేళ్ళుగా, అన్ని తరాలుగా, ఒక్క ఇంటి చేతులు ఆ తాడు జారనివ్వలేదన్న సంగతి పక్క సీట్లోంచే తెలుస్తుంది. సినిమాల్లో కంప్యూటరు గ్రాఫిక్స్ చూసి పెరిగిన పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడే కూర్చోబెట్టండి. వాళ్ళకు చూపించాల్సింది ఆ తాడే.

నోరు మూసుకుని కూర్చోకండి

హాల్లో నిశ్శబ్దంగా ఉండాలి, చివర్లో మర్యాదగా చప్పట్లు కొట్టాలి. ఈ నియమం ఎక్కడినుంచో వచ్చి మన హాళ్ళలో స్థిరపడింది. పద్యనాటకానికి ఇది చావుదెబ్బ. పద్యం పాడే నటుడు చివర రాగం తీస్తున్నప్పుడు సగం బలం ఎదుటి జనం దగ్గర తీసుకుంటాడు. పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణుడి వేషంలో నిలబడితే, షణ్ముఖి ఆంజనేయరాజు గారు పద్యం ఎత్తుకుంటే "వన్స్ మోర్" అని పందిరి అదిరిపోయేదని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ కేకకు జవాబుగా నటుడు అదే పద్యం ఇంకో పోకడలో పాడేవాడు. రెండోసారి పాడింది మొదటిసారి పాడినదానికంటే పెద్దదయ్యేది. అడిగే గొంతు లేకపోతే ఆ రెండోది పుట్టదు.

ఈ నగరంలో దీనికి జంట ఉంది. పాతబస్తీలోనో నాంపల్లిలోనో ముషాయిరాకు వెళ్ళి చూడండి. షాయర్ ఒక పంక్తి చదవగానే శ్రోతలు దాన్ని అందుకుని తిరిగి పలుకుతారు. "వాహ్వా" అంటారు, "ముకర్రర్" అని మళ్ళీ చదివిస్తారు. రెండో పంక్తి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి, ప్రాస దగ్గర షాయర్‌తో పాటు సభంతా పలుకుతుంది. ఉర్దూ అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఎక్కడ ఊపిరి ఆగుతుందో, ఎక్కడ విడుస్తారో చెవికి తెలుస్తుంది. గోదావరి జిల్లాల తిరునాళ్ళలో పద్యానికి కేక వేసిన తాతా, మఖ్దూం మొహియుద్దీన్ గొంతు విన్న హైదరాబాదు తాతా ఒకే పని చేశారు. వాళ్ళ మనవలమైన మనం హాల్లో ఫోను సైలెంట్‌లో పెట్టుకుని, మనమూ సైలెంటయిపోయి కూర్చుంటున్నాం.

కాబట్టి మాట పైకి అనండి. బాగున్నచోట 'ఆహా' అనండి, 'భళా' అనండి, పద్యానికి 'వన్స్ మోర్' అనండి. పక్కవాళ్ళు తిరిగి చూస్తే చూడనివ్వండి. కచేరీలో మాత్రం కృతి మధ్యలో కాకుండా, సంగతి పూర్తయ్యాకే. ఆ మాత్రం ఇంగితం చాలు.

ఛందస్సు రాకుండానే అవధానానికి వెళ్ళండి

ఇది అన్నిటికంటే ఎక్కువ విమర్శ వచ్చే సలహా. ఉత్పలమాలకూ చంపకమాలకూ తేడా తెలియనివాళ్ళకు అష్టావధానం ఎందుకంటారు పండితులు. నాకు తెలిసి, తెలుగులో ఇంత ఉత్కంఠగా సాగే ప్రదర్శన ఇంకోటి లేదు, దాన్ని అనుభవించడానికి గణవిభజన అక్కర్లేదు.

తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి జంటగా ఊరూరా తిరిగి దీన్ని జమీందారుల కొలువుల్లోంచి జనంలోకి తెచ్చారు. పద్ధతి ఇదీ: అవధాని మధ్యలో, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒక్కొక్కరూ ఒక్కో చిక్కు ఇస్తారు. సమస్య ఇచ్చే ఆయన అర్థం లేని, ఒక్కోసారి అనకూడని పాదం ఒకటి ఇచ్చి, అది సబబుగా వినబడేలా పద్యం పూరించమంటాడు. దత్తపది ఇచ్చే ఆయన ఒకదానితో ఒకటి పొసగని నాలుగు మాటలు ఇస్తాడు. ఇడ్లీ, దోసె, వడ, పూరీ లాంటివి ఇచ్చి వాటితో భారతయుద్ధం చెప్పమంటాడు. వర్ణన, ఆశువు, వ్యస్తాక్షరి, ఘంటానాదం... ఈ చివరిదాంట్లో ఓ ఆయన తనకు తోచినప్పుడల్లా గంట కొడుతుంటాడు. మొత్తం ఎన్ని కొట్టాడో అవధాని చివర్లో చెప్పాలి.

మీరు నిషిద్ధాక్షరి దగ్గర కళ్ళు నిలపండి. అవధాని ఒక అక్షరం పలుకుతాడు. తరవాత ఏం రాబోతోందో ఊహించి, ఆ అక్షరం వాడకూడదని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. అవధాని దారి మార్చుకుని ఇంకో అక్షరం వేస్తాడు. మళ్ళీ నిషేధం. ఇద్దరూ ఒకే మాటను వెతుకుతున్నారు, ఒకరు చేరడానికి, ఇంకొకరు చేరనివ్వకుండా ఉండడానికి. అక్షరం అక్షరంగా నడిచే ఈ పట్టు చూస్తుంటే, తెలుగులో ఒక భావానికి ఎన్ని మాటలున్నాయో తెలిసి ఒళ్ళు జలదరిస్తుంది. మన పిల్లలు తెలుగు మాట దొరక్క తడుముకుంటుంటే చూసి బాధపడేవాళ్ళు తప్పకుండా చూడాల్సిన దృశ్యం.

దీని మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు. ఆయన పని అవధాని ఏకాగ్రత చెదరగొట్టడం. అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేస్తాడు, అవధాని నవ్వుతూ చురుక్కుమనే జవాబు చెబుతాడు, సభ గొల్లుమంటుంది. చాలామంది దీనికోసమే వస్తారు, అది తప్పు కాదు. జవాబు చెప్పే ఆ క్షణంలో అవధాని వేళ్ళు చూడండి. మోకాలి మీద కదులుతుంటాయి. పద్యం లోపల నడుస్తూనే ఉంది.

ఒక్కో పద్యానికి ఒక్కో విడతలో ఒక్కో పాదం. అందరి దగ్గరా తిరిగి వచ్చేసరికి మొదటి పద్యంలో పాదం చెప్పి చాలాసేపవుతుంది. నాలుగు విడతలు ఇలా సాగాక ధారణ. అన్ని పద్యాలూ, మొదటినుంచి చివరిదాకా, కాగితం చూడకుండా, వరసగా అప్పజెప్పాలి. ఆ సమయానికి రాత్రి తొమ్మిది దాటుతుంది, హాల్లో సగం మంది లేచిపోతారు. బస్సు దొరకదని, ఇంటి దగ్గర ఎదురు చూస్తుంటారని. ధారణ విననివాళ్ళు అవధానం చూడనట్టే. ముందు మూడు గంటలు మానేసి ధారణ ఒక్కటి విన్నా నేను మెచ్చుకుంటాను. మూడు గంటలుగా గంటలు, ప్రశ్నలు, నవ్వులు దాటుకుని ఒక మనిషి బుర్రలో చెక్కుచెదరకుండా నిలిచిన పద్యాలు ఒక్కొక్కటే బయటికి రావడం వింటే, జ్ఞాపకశక్తి అన్న మాటను ఇకమీదట తేలిగ్గా వాడరు. ఏ పరికరమూ లేకుండా ఇది చేయగల మనుషులు మన భాషలో ఇంకా ఉన్నారు. వాళ్ళెదుట నలభై మందే కూర్చుంటున్నారు.

వందన సమర్పణ దాకా ఉండండి

సభలో ఉపన్యాసాలు ఎక్కువయ్యాయని అందరూ విసుక్కుంటారు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, అధ్యక్షుల తొలి పలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, శాలువా, జ్ఞాపిక. అవి తగ్గాలన్నది నిజమే. కానీ చిట్టచివర మైకు ముందుకొచ్చి గబగబా చదివే ఆ మనిషి కోసం ఆగండి. హాలు ఇప్పించినవారు, మైకు పెట్టినవారు, పూలదండలు తెచ్చినవారు, ఫ్లెక్సీ వేసిచ్చినవారు, తబలా కలిసొచ్చేలా బిగించి ఇచ్చినవారు, టీ అందించినవారు: ఆ సాయంత్రం నిజంగా ఎవరి చేతుల మీదుగా నడిచిందో ఆ ఒక్క చోటే వినబడుతుంది. అప్పటికి హాలు ఖాళీ అయిపోయి కుర్చీలు సర్దే చప్పుడు మొదలవుతుంది. ఆ పేర్లు వినండి, బయటికొచ్చేటప్పుడు వాళ్ళల్లో ఒకరిని గుర్తుపట్టి పలకరించండి. మర్నాటినుంచి మీరు ఆ హాలుకు కొత్తవాళ్ళు కారు.

ముందు వరసలో అతిథుల కోసం వేసిన సోఫాలు చాలాసార్లు ఖాళీగానే ఉంటాయి. మొదలయ్యాక కూడా ఎవరూ రాకపోతే వెళ్ళి కూర్చోండి. ఎవరూ ఏమీ అనరు. వెలుగులో పాడే మనిషికి మొదట కనబడేవి ఆ సోఫాలే. అవి ఖాళీగా ఉంటే వెనక వంద మంది ఉన్నా సభ ఖాళీగానే తోస్తుంది.

మ్యూజియంలో ఒక్కటే చూడండి

సాలార్‌జంగ్ మ్యూజియంకు (శుక్రవారం సెలవు) వెళ్ళినవాళ్ళు ఒక్క పూటలో అన్ని గదులూ చుట్టేసి కాళ్ళు నొప్పులతో వస్తారు. ఒక్క 'వెయిల్డ్ రెబెకా' ముందు అరగంట నిలబడి వచ్చేయండి. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాయి. ముసుగు కూడా రాయే, లోపల ముఖమూ రాయే, మనకు ముసుగులోంచి ముఖం కనబడుతుంది. లేదా గడియారం దగ్గర జనంలో కూర్చుని, బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా ఆగి ఇంటికి వెళ్ళండి. మిగతావి వచ్చే నెల.

పిల్లల్ని నిద్రపోనివ్వండి

పిల్లలకు అర్థం కాదు, మధ్యలో నిద్రపోతారు, అందుకని తీసుకురాము అంటారు తల్లిదండ్రులు. నిద్రపోతే పోనివ్వండి. మేమంతా పందిట్లో చాపల మీద నిద్రపోయినవాళ్ళమే. హరిశ్చంద్రుడి కాటిసీను తెల్లవారుజామున వచ్చేది, అప్పుడు అమ్మ లేపేది. సగం నిద్రలో విన్న హార్మోనియం శ్రుతి ఇప్పటికీ చెవిలో ఉంది. మెలకువగా కూర్చుని విన్న ఎన్నో కచేరీలు మరిచిపోయాను. పిల్లవాడు ఒళ్ళో పడుకున్నప్పుడు వినబడే రాగం వాడికి అర్థం కానక్కర్లేదు. పెద్దయ్యాక ఎక్కడో వింటే, ఇది నాది అనిపిస్తుంది.

హాలు బయట వినడాన్నీ చిన్నచూపు చూడకండి. పండిట్ జస్‌రాజ్ చిన్నతనం ఈ ఊళ్ళోనే గడిచింది. తండ్రి మోతీరాం నిజాం కొలువులో ఆస్థాన విద్వాంసుడిగా చేరాల్సిన సమయంలోనే, 1934లో, ఇక్కడే చనిపోయారు. అప్పటికి నాలుగేళ్ళవాడైన జస్‌రాజ్ తరవాత బడికి వెళ్ళే దారిలో ఒక హోటల్లో మోగే బేగం అఖ్తర్ రికార్డు వింటూ బడి ఎగ్గొట్టేవాడు. ఆ సంగతి పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నారు. హోటలు మెట్ల దగ్గర కూర్చున్న పిల్లవాణ్ణి ఎవరూ శ్రోతగా లెక్కపెట్టి ఉండరు. 1972 నుంచి తండ్రీ అన్నల పేరిట ఏటా ఈ నగరంలోనే సంగీత సమారోహం జరిపించారాయన. కాబట్టి మీ అబ్బాయి హాల్లోకి రానని మారాం చేస్తే గేటు దగ్గర ఆడుకోనివ్వండి. పాట అక్కడికీ వస్తుంది.

ఉచితమైతే డబ్బు ఇవ్వండి

'ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే' అని ఆహ్వాన పత్రికలో ఉంటుంది. అది చదివి సంతోషించకండి. హాలు కిరాయి, సౌండు, మృదంగం ఆయన పారితోషికం, రాకపోకల ఖర్చు, శాలువాలు, టీలు ఎవరో ఒకరు కడుతున్నారు. నేను చూసినంతలో ఆ ఎవరో ఒకరు రిటైరైన ఉపాధ్యాయుడో బ్యాంకు ఉద్యోగో అయి ఉంటాడు. పింఛనులోంచి తీసి సంస్థ నడుపుతుంటాడు. అరంగేట్రమైతే ఆ భారం పిల్ల తల్లిదండ్రులది. పూర్వం హరికథలో కథ మధ్యలో పళ్ళెం తిరిగేది. చదివింపులు చదివించేవారు, ఎవరెంత ఇచ్చారో దాసుగారు పైకి చెప్పి దీవించేవారు. అందులో చిన్నతనమేమీ లేదు. ఆ పళ్ళెం ఆగిపోయాక మనం ఉచితానికి అలవాటుపడ్డాం, కళాకారులు అప్పులకు అలవాటుపడ్డారు.

సినిమాకు పెట్టేంత డబ్బు ఒక కవరులో పెట్టుకుని వెళ్ళండి. పుస్తకావిష్కరణకైతే పుస్తకం కొనండి. రచయిత కాంప్లిమెంటరీ కాపీ ఇవ్వబోయినా వద్దని, వెల ఇచ్చే తీసుకోండి. నాటకానికైతే తెర వెనక్కి వెళ్ళి, మేకప్ తుడుచుకుంటున్న మనిషి చేతిలో పెట్టండి. కచేరీకైతే నిర్వాహకుడికి ఇవ్వండి. ఆయన మొదట వద్దంటాడు, చేతులు అడ్డం పెడతాడు, మీ పేరు అడుగుతాడు. చెప్పండి, ఫోను నంబరూ ఇవ్వండి. వచ్చే కార్యక్రమానికి మీకు ఫోను చేస్తాడు. మీరు ఎంచుకోకుండానే, ఎప్పుడూ విననిదొకటి మీ దారిలోకి వస్తుంది. అప్పుడు ఎవరు పాడుతున్నారని అడగకండి. ఎన్ని గంటలకో అడిగితే చాలు.